కన్నీటికి చోటిచ్చిన కీర్తన

దుఃఖము కలిగినవారి యింటికి పోయి, ఏమి పలుకవలెనో తోచక నిలిచిపోవుట అందరికిని అనుభవమే. అట్టి సమయమునకు పనికివచ్చుటకై మన పెద్దలు కొన్ని మాటలు కూర్చి పెట్టినారు. ఋణానుబంధము తీరినదందురు, నుదుటివ్రాత తప్పదందురు, కాలమే మాన్పవలెనందురు. ఈ మాటలలో కపటము లేదు. కాని వానిని పలికినవారికి కలిగినంత తృప్తి విన్నవారికి కలుగుచున్నదా యని యోచింపవలసియున్నది. శోకములో మునిగినవానికి ముందుగా కావలసినది శోకకారణమును గూర్చిన వివరణమా? లేక తన శోకమును సాంతముగా వినగల తోడా? ఓదార్పును గూర్చిన సాహిత్యమంతయు ఈ రెండు దారులలో నేదో యొకదానిని పట్టి నడచును. తెలుగు క్రైస్తవ కీర్తనలు ఏ దారి పట్టినవి, అందు ఎంతవరకు కృతార్థములైనవి, ఎచ్చట తొట్రుపడినవి అని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారణ క్రైస్తవ కుటుంబములకు మాత్రమే సంబంధించినది కాదు. తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మనలో త్యాగరాజ కృతులు పాడుకొనువారును, రామదాసు కీర్తనలు పాడుకొనువారును, క్రీస్తు కీర్తనలు పాడుకొనువారును ఒకే సంఘమున సభ్యులు. ఒకరి పాట మరియొకరికి పొరుగింటి గోడమీదుగా వినబడుచునే యున్నది. కాని దానిని సాహిత్యముగా చదివినవారు తక్కువ. భక్తిగీతమును ఆ మతస్థుడు మాత్రమే విమర్శింపవలెనన్న నియమము లేదు. పోతన భాగవతమును ఆస్వాదించుటకు వైష్ణవుడై పుట్టనక్కరలేదు గదా!

క్రైస్తవుల ఓదార్పునకు మూలమేదియో తెలియవలెనన్న, ముందుగా బైబిలులోని యోబు గ్రంథమును తెరువవలెను. యోబు నీతిమంతుడు, సంపన్నుడు. సంపదను, సంతానమును, ఆరోగ్యమును వరుసగా కోల్పోయి బూడిదలో కూర్చుండెను. మువ్వురు స్నేహితులు చూడవచ్చి, గుర్తింపరానంతగా మారిపోయిన ఆతని రూపమును గాంచి, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నోరు మెదపక ఆతనితోపాటు నేలమీద కూర్చుండిరి. ఆ గ్రంథమంతటను వారు చేసిన మంచిపని అదియొక్కటియే. నోరు విప్పినది మొదలు వారు ఓదార్చుట మాని నేరము మోపసాగిరి. దేవుడు న్యాయవంతుడు, కావున శిక్ష పొందినవాడు దోషియై యుండవలెను అని వారి తర్కము. యోబు ఆ తర్కమునకు తలయొగ్గలేదు. తాను పుట్టిన దినమును శపించెను, దేవునితోనే వ్యాజ్యెమాడెను. చిత్రమేమనగా, 42 అధ్యాయముల ఆ గ్రంథము ముగియునప్పుడు దేవుడు తన్ను సమర్థించిన స్నేహితులను మందలించి, తనతో వాదించిన యోబే సరిగా పలికెనని తీర్పు చెప్పెను. బాధకు కారణమేమన్న ప్రశ్నకు మాత్రము ఆ గ్రంథమున తిన్నని సమాధానము లభింపదు.

కీర్తనల గ్రంథమును చూచినను ఇదే తోచును. అందలి 150 కీర్తనలలో సుమారు మూడవవంతు విలాపములు. వానిలో చాలవరకు మొరతో ఆరంభమై నమ్మికతో ముగియును. కాని 88వ కీర్తన అట్లు ముగియదు. చీకటిలో మొదలై చీకటిలోనే ఆగిపోవును. భక్తుల పాటల నడుమ అట్టి పాటను తీసివేయక నిలిపిన సంపాదకులు దుఃఖమును ఎరిగినవారు. విలాపవాక్యములను గ్రంథము మరియొక విశేషము. యెరూషలేము నగరము శత్రువుల చేజిక్కి ధ్వంసమైనప్పటి శోకమిది. ఇందలి ఐదు గీతములలో నాలుగు హీబ్రూ అక్షరమాల క్రమమున నడచును. మన కవులు అకారాది క్రమమున పద్యములల్లినట్లే, ఆ కవి తన భాషలోని 22 అక్షరములను ఒక్కొక్కటిగా పట్టుకొని యేడ్చినాడు. హద్దులేని దుఃఖమునకు అక్షరమాలతో హద్దు కట్టుట అనగా ఇదియే. ఏడ్చువాని చేతికి ఏదియో యొక ఆధారమును, ఒక వరుసను ఇచ్చుట సాహిత్యము చేయగలిగిన మేలులలో మొదటిది.

ఇక క్రీస్తు చరిత్రకు వత్తము. సువార్తలలో ఓదార్పునకు ప్రాణమైన ఘట్టములు మూడు. మొదటిది లాజరు సమాధి. మిత్రుడు మరణింపగా క్రీస్తు ఆ యూరికి పోయెను. కొంతసేపటిలో ఆతని లేపబోవుచున్నాడని కథ. అయినను సమాధికడకు పోవునప్పుడు ఏడ్చెను. జరుగబోవు మేలు తెలిసినవాడు సైతము ఎదుటివారి కన్నీటిని తొందరపెట్టి తుడువక, ముందు తానును ఏడ్చుట గమనింపదగినది. రెండవది గెత్సేమనే తోట. తన మరణము సమీపించినదని యెరిగి, ముగ్గురు శిష్యులను తనతో మెలకువగా నుండుమని క్రీస్తు కోరెను. వారికి నిద్ర వచ్చెను. బాధలో తోడు కోరుట బలహీనత కాదనియు, ఆ తోడు దొరకకపోవుట ఎంత సామాన్యమో యనియు ఆ చిన్న కథ తెలుపుచున్నది. మూడవది సిలువ. అచ్చట ఆయన, దేవుడే తన్ను విడిచెనని 22వ కీర్తన మొదటి మాటలతో మొరపెట్టెను.

ఈ మూడవ ఘట్టమున ఒక భాషావిశేషము కలదు. సువార్తలు గ్రీకు భాషలో వ్రాయబడినవి. కాని సిలువమీది ఆ మొరను మార్కు సువార్తికుడు గ్రీకులోనికి మార్చి ఊరకుండక, క్రీస్తు ఇంటిభాషయైన అరామికములోనే నిలిపి, ప్రక్కన అర్థము వ్రాసెను. మత్తయియు అట్లే స్వదేశభాషలోని శబ్దమును కాపాడెను. వర్తకమునకు, పాలనకు, గ్రంథరచనకు గ్రీకు చాలినది. ప్రాణము పోవునప్పటి కేకకు చాలలేదు. పరభాషల నడుమ సంసారము చేయుచున్న మనవంటివారికి ఈ విషయమును వ్యాఖ్యానించి చెప్పనక్కరలేదు.

కావున క్రైస్తవమందలి ఓదార్పు, దాని మూలగ్రంథములనుబట్టి చూడగా, మూడు అంగములు కలది. దుఃఖితుడు మొరపెట్టుకొనవచ్చును, ఆ మొర వినువాడు తానును బాధపడినవాడే, ఆ మొర సొంతభాషలో వెలువడవలెను. ఈ మూడింటిని కొలబద్దగా గ్రహించి తెలుగు కీర్తనలను పరిశీలింతము.

తెలుగున క్రైస్తవ రచన ప్రాచీనమైనదే. 18వ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అను ప్రబంధముగా రచించెను. చెన్నపట్టణమున పనిచేసిన జర్మను బోధకుడు బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి, స్వదేశమునకు మరలిన పిమ్మట 1746 ప్రాంతమున హాలే నగరములో తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. తెలుగు అచ్చుపుస్తకముల చరిత్ర అచ్చటనే ఆరంభమైనదని పండితులు చెప్పుదురు. 1805లో విశాఖపట్టణమున లండను మిషనువారు స్థిరపడి బైబిలు అనువాదమునకు పూనుకొనిరి. ఇవి యన్నియు గొప్ప ప్రయత్నములే. కాని ప్రబంధము పండితునికి చేరినది. వచనానువాదము చదువు వచ్చినవానికి చేరినది. చదువు రాని తల్లి బిడ్డను పోగొట్టుకొని రాత్రివేళ తనలో తాను అనుకొనుటకు ఒక మాట కావలెను. ఆ మాటను అందించినది కీర్తన.

ఈ విషయమున పురుషోత్తమ చౌదరిగారికి (1803–1890) అగ్రస్థానము చెల్లును. ఆయన పర్లాకిమిడి సమీపమున జన్మించిరి. వారి పూర్వులు తెలుగునాటివారు కారు. 1833లో క్రైస్తవ మతము స్వీకరించి, గంజాము, చికాకోలు ప్రాంతములలో బోధకులై దీర్ఘకాలము పనిచేసిరి. అప్పుడు మద్రాసు రాజధానిలోనిదైన పర్లాకిమిడి 1936లో ఒడిశా రాష్ట్రమేర్పడినప్పుడు అందులో చేరినది. తెలుగువారు కన్నీటివేళ పాడుకొను కీర్తనలలో పెక్కులు రెండు భాషలు కలిసి ప్రవహించు ఆ సరిహద్దు నేలనుండి, తెలుగును ఎంచుకొని స్వంతము చేసికొన్న కవినుండి వచ్చినవనుట ఒడిశాలోని మన కుటుంబములకు గర్వకారణము. మిగిలిన మనకందరికిని ధైర్యకారణము.

చౌదరిగారి కీర్తనలలో వినబడు పదజాలమును గమనింపుడు. చరణము, శరణు, దిక్కు, త్రాహి, దయ. ఈ పదములలో ఒక్కటియు కొత్తది కాదు. తెలుగు భక్తుడు శతాబ్దుల తరబడి తన దేవుని ఎదుట పలికిన పదములే. కొత్త విశ్వాసమునకు కొత్త భాషను కల్పింపక, అలవాటైన ఆర్తిస్వరముతోనే ఆయన దానిని పలికించెను. అందుచేతనే ఆ పాటలు పాడువానికి తాను పరాయి యింట నున్నట్లు తోచదు. ఇంతకంటె ముఖ్యమైనది నిర్మాణము. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ గ్రంథమున పాట తలపై రాగతాళముల పేరులు కనబడును. పల్లవి, చరణములు అను మన కీర్తన కట్టడము అందు నిలిచియున్నది.

ఈ కట్టడము ఓదార్పునకు ఎట్లు తోడ్పడునో కొంచెము యోచింపవలెను. ఆంగ్ల పద్ధతి గీతములు చాలవరకు ఒక పాదముల కూర్పునుండి మరియొకదానికి ముందునకే నడచును. మొదటి దానిలో దుఃఖము, రెండవదానిలో ప్రార్థన, మూడవదానిలో ఆశ, కడపటిదానిలో పరలోకము. అది నేరుగా పోవు బాట. కీర్తన అట్లు పోదు. ప్రతి చరణము తరువాత పల్లవి మరలి వచ్చును. చరణము ఎంత ఆశను పలికినను, పల్లవిలోని మొర మరల వినబడును. శోకము యొక్క నడక కూడ నిజముగా ఇట్టిదే. నిన్న ఊరట కలిగిన హృదయమునకు నేడు మరల గాయము రేగును. కరుణ మొక్కటియే రసమని భవభూతి యన్నాడు. మన కీర్తన కరుణమునుండి శాంతమునకు పోవుచు, నడుమ నడుమ వెనుదిరిగి చూచుకొనును. అట్లు చూచుకొనుటకు అనుమతి యిచ్చుటయే దాని దయ. ముఖారి, ఆహిరి, పున్నాగవరాళి వంటి రాగముల పేరు వినగానే తెలుగుచెవి దుఃఖమునకు సిద్ధపడును. పాట మొదలు కాకమునుపే పాడువానికి సగము భారము తగ్గును.

ఇచ్చట రామదాసు స్మరణకు రాక తప్పదు. 17వ శతాబ్దిలో గోలకొండ చెరసాలలోనుండి కంచెర్ల గోపన్న పాడిన కీర్తనలు తెలుగున బాధాసాహిత్యమునకు శిఖరములు. ఆయన ప్రార్థించుటతో ఆగక నిలదీసెను. స్వామికి చేయించిన నగలను, వాని ఖర్చును లెక్కవేసి అడిగెను. సీతమ్మతో సిఫారసు చేయించుకొనజూచెను. యోబు చేసిన వ్యాజ్యెమునకు తెలుగున దీటైనది ఏదియని అడిగినచో, క్రైస్తవ కీర్తనలకంటె ముందుగా రామదాసు కీర్తనలనే చూపవలసియుండును. రాముడు రాజు, రామదాసు ఆతని బంటు. బంటు చెరలో నుండగా రాజు కోటలో నున్నాడన్నదే ఆ నింద యొక్క బలము. క్రైస్తవ కీర్తనలో స్థితి వేరు. అచ్చట చెరలో బంధింపబడినవాడును, దెబ్బలు తిన్నవాడును ప్రభువే. బాధితుడు తల యెత్తి చూచినచో ఎదుట కనబడువాడు తనకంటె ఎక్కువ గాయపడినవాడు. అందువలన నింద నోటికి రాక, ఆర్ద్రత వచ్చును. ఇది ఆ కీర్తనల ప్రత్యేక సౌందర్యము.

కాని ప్రతి సౌందర్యమునకు వెల యుండును. నింద పోయినచోట కొన్ని కీర్తనలలో ఆత్మనింద ప్రవేశించినది. బాధను గూర్చి మొదలైన పాట రెండవ చరణమునకే పాపమును గూర్చిన పాటగా మారిపోవును. వ్యాధి వచ్చినదా, నా దోషము. పంట పోయినదా, నా అవిశ్వాసము. 19వ శతాబ్దిలో కీర్తన పాటగాను, పాఠముగాను కూడ పనిచేయవలసి వచ్చినందున పశ్చాత్తాప బోధ ప్రతి పాటలోను చోటు కోరెను. పశ్చాత్తాపము గొప్ప భావమే; 51వ కీర్తన అందుకు సాక్షి. కాని బిడ్డ మరణించిన తల్లికి అది తగిన పాట కాదు. యోబు స్నేహితుల తర్కము, దేవుడే నిరాకరించిన తర్కము, రాగము కట్టుకొని మరల దేవాలయములోనికి వచ్చినట్లయినది. యోబు గ్రంథమును చేత పట్టుకొనియు మన కీర్తనకారులు యోబు ధైర్యమును పూర్తిగా గ్రహింపలేదనుట నా అభిప్రాయము.

రెండవ లోపము తొందర. సమాధికడ పాడు పాటలలో కొన్ని మరణించినవానిని క్షణకాలమైనను భూమిమీద నిలువనీయవు. మొదటి పాదముననే పరలోక ద్వారములు తెరచుకొనును. ఆశ అబద్ధమని నేననను. అది ఆ విశ్వాసమునకు పునాది. అయినను లాజరు సమాధికడ ఏడ్చినవాని పాటలో ఏడ్చుటకు అవకాశము లేకపోవుట వింతగాదా? మూడవ లోపము అనువాదములది. ఆంగ్ల స్వరములలో ఇముడవలెనని తెలుగు మాటలను విరిచినచోట హ్రస్వము దీర్ఘమగును, దీర్ఘము హ్రస్వమగును. మాట మధ్య ఊపిరి తెగును. అజంతమైన మన భాష సాగి నిలువగోరును. ఆ స్వరము దానిని తటాలున ఆపివేయును. అట్టి పాట సభలో పదిమందితో పాడుటకు బాగుండవచ్చును గాని, ఒంటరివాని పెదవులమీద నిలువదు. ఒంటరిగా పాడుకొనుటకు పనికిరాని పాట ఓదార్పుపాట కాజాలదు.

మాట ఒక్కటియే చాలునా యను ప్రశ్న కూడ నున్నది. 1876–78 సంవత్సరముల కరవు మద్రాసు రాజధానిని దహించినప్పుడు ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు బోధకుడు జాన్ క్లౌ బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకము పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. యౌవనమున నేర్చిన భూమికొలత విద్య ఆయనకు అప్పుడు అక్కరకు వచ్చినది. కూలి కొరకు మతము మారిరన్న అపవాదు రాకుండుటకై కరవు సహాయము సాగినంతకాలము ఆయన బాప్తిస్మము లీయలేదు. పిదప 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. వారిలో అత్యధికులు మాదిగలు. చరిత్రకారులు ఈ సంఘటనను పలువిధముల వ్యాఖ్యానింతురు. సాహిత్యవిమర్శకునికి ఇందు తోచు విషయమొకటి కలదు. ఓదార్పు మాటకు ముందు గంజి కాచినవారి నోట ఆ మాటకు వేరు బరువు వచ్చును. చెన్నపట్టణమునుండి ఉత్తరముగా పోవు ఆ కాలువ ఒడ్డున ఎందరో తమ బాధను వినువారున్నారని మొదటిసారి గ్రహించియుందురు. వారి సంతతికి కీర్తన అలంకారము కాలేదు, ఆహారమైనది.

ఆకలి, అంటరానితనము దైవికములు కావు, మనుష్యులు కల్పించినవి. అట్టి బాధను సహింపుమని మాత్రమే చెప్పు ఓదార్పు, ఓదార్పు వేషములో నున్న అన్యాయము. ఈ సత్యమును పద్యములో పలికినవారు గుఱ్ఱం జాషువాగారు (1895–1971). వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన ఈ మహాకవి 1941లో వెలువడిన ‘గబ్బిలము’లో ఒక నిరుపేద అస్పృశ్యుని దుఃఖమును కాశీ విశ్వనాథునికి నివేదింపజేసెను. ఆతనికి గుడిలో ప్రవేశము లేదు, గబ్బిలమునకు కలదు. కావున గబ్బిలమే దూత. కాళిదాసు యక్షుడు మేఘమును ప్రేయసికడకు పంపెను. జాషువా నాయకుడు తన ఆకలిని, అవమానమును దేవునికడకు పంపెను. ఆ కావ్యములో నాయకునికి వెంటనే ఊరట లభింపదు. లభించినది వినునట్టి ఒక ప్రాణి మాత్రమే. యోబు స్నేహితులు ఏడు దినములు చేసిన మంచిపనిని జాషువాగారి గబ్బిలము చివరివరకు చేసినది. తరువాత ఆయన క్రీస్తు జీవితమును ‘క్రీస్తు చరిత్ర’గా పద్యములలో రచించి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నందెను. కీర్తనకారులు విడిచిపెట్టిన ప్రశ్నను జాషువా చేపట్టెను. జాషువా పద్యము చేరలేని పడకగదికి కీర్తన చేరినది. ఈ రెండును కలిసిననే తెలుగు క్రైస్తవ వాఙ్మయమందలి ఓదార్పు సంపూర్ణమగును.

మన పొరుగు భాషల అనుభవమును కూడ చూచినచో ఈ మాట బలపడును. త్యాగరాజస్వామి (1767–1847) తిరువైయారులో తెలుగు కృతులు పాడుచున్న కాలముననే, సమీపమందలి తంజావూరులో వేదనాయకశాస్త్రిగారు (1774–1864) తమిళమున క్రైస్తవ కీర్తనలు రచించుచుండిరి. తిరునెల్వేలి ప్రాంతపు కృష్ణపిళ్ళెగారు (1827–1900) ఆంగ్లమందలి యాత్రికుని కథను ‘రక్షణ్య యాత్రికము’ అను మహాకావ్యముగా తమిళమున మలచిరి. మహారాష్ట్రమున నారాయణ వామన తిలక్ (1861–1919) జ్ఞానేశ్వర తుకారాముల బాటలో అభంగ సంప్రదాయమును క్రీస్తుభక్తికి అనువర్తించిరి. ఆయన భార్య లక్ష్మీబాయి తిలక్ వ్రాసిన ‘స్మృతిచిత్రే’ మరాఠీ ఆత్మకథలలో మేటియైనది. వీరందరును ఒకే విశ్వాసమును నమ్మిరి. ఎవరి దుఃఖమును వారు వారి వారి తల్లిభాష పాడు పద్ధతిలోనే పాడిరి. తమిళనాట, మహారాష్ట్రమున స్థిరపడిన మనవారికి ఈ పాటలు వీథిలో వినబడుచుండును. వానిని ఆదరముతో వినుచు, మన పాటను మరువకుండుటయే మన విధి.

ఆ మరపు ఇప్పుడు సమీపించినది. మన పిల్లలు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఎక్కువగా ఆంగ్లములోనో చదువుచున్నారు. ఇంట తెలుగు మాటలాడుదురు గాని తెలుగు అక్షరమును చదువలేనివారు పెరుగుచున్నారు. పాట నేర్పవలసినచో పరలిపిలో వ్రాసి యిత్తురు. అట్లు వ్రాయుటలో మొదట పోవునది తలపైనున్న రాగము పేరు; తరువాత పోవునది హ్రస్వదీర్ఘ భేదము; చివరకు పోవునది అర్థము. వివాహమునకు ఏ భాషలో పాడినను వేడుక జరిగిపోవును. వ్యాధిలో పడియున్న వృద్ధురాలి మంచముకడ మాత్రము అట్లు జరుగదు. వయస్సు మీరినకొలది తరువాత నేర్చిన భాషలు సడలి, మొదట నేర్చిన భాష నిలుచుట పెక్కు కుటుంబములు చూచియున్నవి. ఆమె చెవిలో పాడవలసిన పాటను చదువగల మనుమడు ఆ యింట లేనిచో, అది ఒక్క భాష నష్టము మాత్రమే కాదు. ఒక మనిషి కడపటి ఊరటయే నష్టమగును.

కావున మన సంఘములు చేయదగిన పనులు కొన్ని కలవు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను, రామదాసు కీర్తనలను, త్యాగరాజ కృతులను ఒకే తరగతిలో తెలుగు లిపిలోనే పిల్లలచే చదివింపవచ్చును. పాత వరుసలు వచ్చిన పెద్దలచే పాడించి, నేడు ప్రతి చేతిలోను ఉన్న ఫోనులో నైనను భద్రపరుపవచ్చును. దేవాలయములలో పాటలు ఎంచువారు దుఃఖసమయమున పాపబోధ పాటలను ప్రక్కనుంచి, నిజముగా మొరపెట్టు పాటలను ముందుంచవచ్చును. కొత్తగా పాటలు కట్టువారు యోబును మరల చదివి, ఆతని ధైర్యములో కొంత మన పల్లవికి తేవచ్చును. రామదాసు చూపిన చనువు తెలుగు క్రైస్తవునికి అన్యము కాదు; ఆ భాష ఆతనిది కూడ.

ఒక మతము గొప్పదా కాదా యని నిర్ణయించుట సాహిత్యవిమర్శ పని కాదు. ఒక పాట ఏడ్చువాని మాట విన్నదా, లేక వాని నోరు మూయించినదా యని మాత్రము అది చెప్పగలదు. ఆ దృష్టితో చూడగా, మన క్రీస్తు కీర్తనలలో మేలైనవి దుఃఖమునకు కారణము చెప్పబూనక, దుఃఖితుని ప్రక్కన కూర్చుండినవి. వానికి పల్లవి యను ఒక పీట వేసి, ఎన్నిమార్లు వచ్చినను కూర్చుండుమన్నవి. పాడుటకు మనము, వినుటకు మన పిల్లలు ఉన్నంతకాలము ఆ పీట ఖాళీగా నుండదు.